గేటు దగ్గరి వరుస

మొఖోట్లాంగ్,
ఏప్రిల్ 6

ప్రియమైన లినేయోకు,

మీ అమ్మకు నువ్వు పంపిన గ్యాసు పొయ్యి చేరింది. వ్యాను డ్రైవరు దాన్ని దించుతుంటే ఊరంతా మూగింది. మా అమ్మ అందరి ముందే అందుకుంది: "లెక్కల్లో నీ దగ్గర చూసి రాసిన పిల్ల వాళ్ళమ్మకు పొయ్యి పంపింది. పట్టా తెచ్చుకున్న నువ్వేమో నాకు పిడకలు ఏరుకొస్తున్నావు!" అబద్ధమెందుకు, నిన్ను తలుచుకుని ఒళ్ళు మండిపోయింది.

లెరీబెలో ఒక బడికి టీచరు ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టాను. ఈ కొండల్లోకి పోస్టు సరిగా రాదు కదా, నీ గది చిరునామా ఇచ్చాను. ఏమైనా వచ్చిందా?

నీ మోసేలె


మపుత్సోయె,
ఏప్రిల్ 19

ప్రియమైన మోసేలెకు,

నన్ను చూసి కుళ్ళుకుంటున్నావటే? పొద్దస్తమానం జీన్స్ ప్యాంట్లకు జేబులు కుడతాను. అదీ ఎడమ జేబు ఒక్కటే. ముక్కు చీదితే నీలం రంగు. చెయ్యి కాస్త నెమ్మదిస్తే చాలు, సూపర్‌వైజరు ఫ్యాక్టరీ గేటు వైపు వేలు చూపిస్తాడు: "అక్కడ రెండొందల మంది నిలబడ్డారు. పోతావా?" అందరూ మన వయసువాళ్ళే. పట్టాలున్నవాళ్ళూ ఉన్నారు.

ఉత్తరమేదీ రాలేదు. వస్తే పంపకుండా ఉంటానా?

నీ లినేయో


మొఖోట్లాంగ్,
మే 11

ప్రియమైన లినేయోకు,

ఇక ఆ ఉద్యోగం మీద ఆశ వదిలేశాను. నెలాఖరుకు వచ్చి నేనూ ఆ గేటు దగ్గర నిలబడతాను. మీ సూపర్‌వైజరు చెవిన ఒక మాట వెయ్యి. నవ్వకు, ఎడమ జేబు గురించి నువ్వు రాసింది చదివినా నాకు అసూయే కలిగింది.

మోసేలె


మపుత్సోయె,
మే 14

మోసేలె,

రావద్దు. ఆర్డర్లు లేవంటూ నిన్న మా కుట్టు లైనంతటినీ పనిలోంచి తీసేశారు.

నీ కవరు ఏప్రిల్ 15నే వచ్చింది. రాలేదని నీకు రాస్తున్నప్పుడు అది నా పరుపు కింద ఉంది. విప్పి చదివాను. ఇంటర్వ్యూకు పిలిచారు. నిన్ను టీచరమ్మా అంటారు, నన్ను వేలు చూపించి బెదిరిస్తారు అనుకున్నాను. చిన్నప్పటినుంచీ అన్నిట్లో నువ్వే ముందు. ఒక్కసారైనా నువ్వు నా వెనక నిలబడాలని అనిపించింది.

ఇవాళ నేనే ఆ వరుసలో నిలబడ్డాను. నా ముందున్న పిల్ల పట్టాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గుండెలకు అదుముకుంది. నువ్వే అనుకుని భుజం పట్టి తిప్పాను.

ఇంటర్వ్యూ ఈ నెల ఇరవైన. కవరు డ్రైవరు చేతికిస్తున్నాను. తిట్టడం తర్వాత, ముందు బయల్దేరు.

లినేయో


లెరీబె,
జూన్ 8

లినేయో,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. ఉద్యోగం వచ్చింది. నిన్ను మాత్రం క్షమించలేదు.

అయినా ఒకటి చెప్పాలి. నీ పని పోయిందన్న కబురు నీ ఉత్తరం కంటే ఒకరోజు ముందే ఇంకో వ్యానులో మా ఊరు చేరింది. ఆ పూట మా అమ్మ నన్ను వింతగా చూసి, "ఏమిటే, మళ్ళీ వడ్డించుకుంటున్నావు?" అంది. ఆ కబురు విన్నాకే ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను, లినేయో. నువ్వు చేసింది నాకు తెలిసింది మర్నాడు.

బడివాళ్ళు గది ఇచ్చారు, ఇద్దరం సర్దుకోవచ్చు. ఇక్కడ పిల్లల యూనిఫారాలు కుట్టేవాళ్ళు లేరు. వచ్చెయ్యి.

గదికి వచ్చే పోస్టు మాత్రం నేనే తీసుకుంటాను.

మోసేలె