పాలిష్ కొట్టిన పిస్తోళ్లు

సార్,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పనికి సెలవు పెట్టి, తార్నాక నుంచి నడిచి మీరు పాఠాలు చెప్పిన యూనివర్సిటీ క్యాంపస్ మ్యూజియంకి వెళ్లాను. మీరు ఏరికోరి సేకరించిన పాతకాలపు సెమీ ఆటోమేటిక్ జేబు పిస్తోళ్లు నాలుగూ అద్దాల పెట్టెలో పెట్టారు.

స్టీలు గిన్నెల్లా మెరుస్తున్నాయి సార్! ఒంటి మీది నలుపంతా గీకేశారు. ఆ నలుపే వాటి వయసని, మెత్తటి గుడ్డ, చుక్క నూనె తప్ప ఏదీ తగలనివ్వొద్దని మీరే కదా నేర్పింది.

"ఎవరు రుద్దిన్రు వీటిని?" అని అరిచాను.

"గ్యాలరీ ఓపెనింగ్ ఉండె గద తమ్మీ, నేనే పాలిష్ కొట్టిన. కొత్తగ అయినయ్ చూడు," అని మురిసిపోయాడు అటెండర్.

"కొత్తయి కావాల్నంటే బొమ్మ పిస్తోళ్లు కొనకపోయిన్రా అన్నా?"

"నువ్వేంది, ప్రొఫెసర్‌వా?"

కాదు. మౌలాలిలో లేత్ మిషన్ మీద పనిచేసే కార్మికుణ్ని. కానీ వాటి ప్రతి స్ప్రింగూ మీ బల్ల మీద నేనే విప్పి బిగించాను.

అన్నిటికన్నా చిన్నదాన్ని కొన్న రోజు, తెలియక చెమట చేత్తో పట్టుకుని అలాగే డబ్బాలో పెట్టేశారు. మీ బొటనవేలి ముద్ర తుప్పుగా దిగిపోయింది. నేను తుడవబోతే, "ఉండనీయ్‌రా, నా తప్పు నాకు యాదికుండాలె," అని నవ్వారు.

ఇవాళ అద్దానికి చేతులూ ముఖమూ ఆనించి ఎంత వెతికినా ఆ ముద్ర కనబడలేదు.

అద్దం మీద నా వేళ్ల మరకలు పడ్డాయని అటెండర్ గుడ్డ తెచ్చి తుడిచేశాడు.