గోలెం కింది పాతర

1944 జనవరి 16

లెవీ బండ్లు వచ్చి పోయాయి. ఎకరాకు ఇంత ధాన్యం ఇవ్వాలని సర్కారు రాసింది. మా ఆయన కొలిచి ఇచ్చారు. సర్కారు కట్టిన కంట్రోల్ రేటుకు కోత కూలి కూడా గిట్టదు. సంచులు చాలకపోతే ఒక చిరిగిన గోనెసంచికి నా పెళ్లి చీర ఎర్ర అంచు మాసిక వేసి కుట్టాను. జొన్నలతో పాటు అదీ పోయింది. యుద్ధానికి నా వంతు సాయం అనుకుని నవ్వుకున్నాను.

ఈ పుస్తకం గురించి నాకు భయం లేదు. మా ఆయనకు ఉర్దూ వచ్చు, నాకు తెలుగు వచ్చు. ఒకరు రాసింది ఒకరం చదవలేం. కాపురం హాయిగా ఉంది.

జనవరి 19

సర్కారుకు చూపించని జొన్నలు పెరటి పాతరలో పోశాం. అడుగున గడ్డి, జొన్నలు, పైన మళ్లీ గడ్డి. దాని మీద బండ పరిచి, మట్టి కప్పి, పేడతో అలికాం. బర్రె కుడితి తాగే గోలెం జరిపి సరిగ్గా దాని మీద పెట్టాం. ఈ పాతర మా మామగారు తవ్వించింది. వచ్చిన చుట్టానికల్లా చూపించి గొప్పలు చెప్పేవారట. గొయ్యి అదే, జొన్నలు ఆ చేనివే. హుకుం ఒక్కటే కొత్తది. ఇప్పుడు కనబడితే జొన్నలన్నీ పట్టుకుపోతారు, మా ఆయనను జైల్లో పెడతారు.

ఫిబ్రవరి 27

బర్రె గోలెం దగ్గర తప్ప ఎక్కడా నిలబడటం లేదు. దానికీ తెలిసిందేమో!

ఏప్రిల్ 11

కంట్రోల్ దుకాణంలో చక్కెర లేదు, కిరసనాయిలు లేదు, చీర ముక్క లేదు. మల్లేశయ్య ఇంటి వెనక గదిలో అన్నీ ఉన్నాయి. కంట్రోల్ దుకాణం నడిపేదీ మల్లేశయ్యే. ముందు తలుపు దగ్గర లేదంటాడు, వెనక తలుపు దగ్గర ఎంత కావాలంటాడు. సర్కారు ఒక్కో వస్తువుకు రేటు కట్టినకొద్దీ ఆయన వెనక గది పెరుగుతోంది. ఈ మధ్య దానికి కొత్త గోడ కూడా లేపాడు.

నేనూ వెనక తలుపు నుంచే చక్కెర తెచ్చాను. నీతులు రేపు రాస్తాను. ఇవాళ చాయ్ బాగుంది.

మే 3

మల్లేశయ్య వచ్చి గోలెం పక్కనే మంచం వేసుకుని కూర్చున్నాడు. దశరథన్నా, నీ పాతర సంగతి నాకెరికే, మొత్తం నాకే పొయ్యి, కంట్రోల్ రేటుకు మూడింతలిస్త, ఫికర్ చెయ్యకు, నా బండ్లు సర్కారు చౌకీ మొఖం సూడకుండ తుక్కుగూడ మీంచి పట్నం జేరుతయ్ అన్నాడు. మా ఆయన కొట్టం వైపు చూశారు. కిందటేడు మా ఎద్దుల్లో ఒకటి పోయింది. రెండోది ఒంటరిగా నెమరు వేస్తోంది.

మే 4

మైసమ్మ వచ్చింది. మా చేన్లో కలుపు తీసేదీ, కోత కోసేదీ ఆమే, ఆమె వాడకట్టు ఆడవాళ్లే. రేషన్‌లో పుచ్చిన మక్కజొన్నలు ఇచ్చారట, పిల్లలకు కడుపునొప్పి. అక్కా, పాతర ఎన్నడు తీస్తరే అని అడిగింది. ఏ పాతర అన్నాను. గోలెం కిందిది అన్నది. దాచినట్టు మేమే అనుకున్నాం!

ఏటా పాతర తీసిన రోజు వాడకట్టంతా గంపలతో వస్తుంది. ఎవరికి కావలసినంత వాళ్లు తీసుకుపోతారు. కోత అయ్యాక జర ఎక్కువ వేసి తెచ్చి పోస్తారు. సర్కారు లెవీకి ముందు నుంచీ ఉన్న లెవీ ఇది. దీన్ని మాత్రం ఎవరూ ఎగ్గొట్టలేదు.

మే 20

మబ్బులు పట్టాయి. వాన నీళ్లు దిగితే పాతర కుళ్లుతుంది, ఇక తీయక తప్పదు. చెడిపోయాయేమో చూద్దామని ఇవాళ బండ జరిపాం. దీపం దించితే ఆరిపోలేదు, గాలి మంచిదే. గంపెడు తీసి మళ్లీ మూసేశాం. ఇంట్లో పైన ఉంచుకున్న జొన్నలు నిన్ననే అయిపోయాయి. పాతర జొన్నలకు ఒక మగ్గిన వాసన ఉంటుంది. అలవాటు లేనివాళ్లు ముక్కు మూసుకుంటారు, నాకు ప్రాణం లేచి వస్తుంది.

జొన్నలు మల్లేశయ్యకే పోద్దాం, ఎద్దొస్తది అన్నారు మా ఆయన. కలుపుకు మైసమ్మ రాకపోతే ఎద్దుతోని ఏం జేస్తవ్ అన్నాను. అలిగి అన్నం వద్దన్నారు. తర్వాత లేచి తినేశారు.

మే 22

లెవీ లెక్కలు చూసే సర్కారు గిర్దావరు ఊళ్లోకి దిగాడు. దాచిన గింజలు వెతకడానికట. చావడిలో మకాం. పాతర తెరిస్తే వాసన చావడి దాకా పోతుంది. మబ్బులేమో ఆగేలా లేవు.

మే 23

దౌరా మీద వచ్చిన అధికారికి ఇంటికొక పూట అన్నం పెట్టడం మా ఊరి ఆనవాయితీ. ఇవాళ వంతు మాది. అలవాటు చొప్పున రొట్టెలు చేశాను. పిండి ఏ జొన్నలదో, ఆయన పీట మీద కూర్చునే దాకా నాకు తట్టలేదు! ఇంతకన్నా తెలివితక్కువ ఆడది ఇబ్రహీంపట్నంలో ఉంటుందా?

ఆయన రొట్టె తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అమ్మా, పాతర యాడున్నది అని అడిగాడు. గోలెం కింద అనేశాను. మా వంట నోట్లో పెట్టుకున్న మనిషితో అబద్ధం ఆడటం నాకు చేతకాలేదు.

ఆయన లేవలేదు. ఇంకో రొట్టె అడిగాడు. మాది యాచారం దిక్కు, మా అమ్మ గిట్లనే చేస్తుండె, మా ఇంట్ల గూడ ఇప్పుడు పుచ్చిన మక్కలే తింటున్నం అన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, నాకొక సంచి పొయ్యుండ్రి, కంట్రోల్ రేటుకే, నేను సర్కారోన్ని గద అన్నాడు.

తలుపు చాటు నుంచి చెప్పాను. పాతర జొన్నలకు రేటు లేదు, ఇయ్యి వాడకట్టుకు పోసేటియి, మీరు గూడ గట్లనే తీస్కపోండ్రి, కోతలైనంక తెచ్చి పొయ్యుండ్రి అని. చాలాసేపు నవ్వాడు. అవ్, గట్లనే అన్నాడు.

మా జొన్నలు తీసుకునేవాడు ఇక సర్కారుకు ఏమని రాస్తాడు? వాడకట్టు జొన్నలని సర్కారు మనిషి ఎదుటే నేను చెప్పాక మల్లేశయ్యకు అమ్మే మొఖం మా ఆయనకూ లేకపోయింది.

మే 25

పాతర తీశాం. ఊరంతా వాసన. గిర్దావరు సంచి నింపి చావడికి పంపాం. వాడకట్టంతా గంపలతో వచ్చింది. చివర్లో మల్లేశయ్య కూడా ఒక గంప పట్టుకుని వచ్చాడు. అమ్మనీకి గాదు, ఇంట్ల తిననీకే అన్నాడు. పోశాను. చాలా సంతోషంగా ఉంది.

ఆగస్టు 9

ఎద్దు కొనలేదు. శేరిగూడ నుంచి బదులు తెచ్చుకున్నాం. కలుపుకు మాత్రం మైసమ్మ వాళ్లు పిలవకముందే వచ్చారు.

డిసెంబర్ 28

అందరూ తెచ్చి పోశారు, మల్లేశయ్య కూడా. గిర్దావరు ఒక్కడే బాకీ. సర్కారుకు పోయింది ఎన్నడన్న మళ్లొచ్చిందా అని మా ఆయన ఎగతాళి చేశారు.

1945 జనవరి 12

గిర్దావరు పంపాడని బండివాడు ఒక సంచి దించి పోయాడు. మీద సర్కారు ముద్ర. పక్కన నా ఎర్ర అంచు మాసిక.

విప్పి పాతరలో పోశాం. మాసిక ఒక మూల ఊడింది. ఇవాళే కుట్టాలి. లెవీ బండ్లు ఎల్లుండి వస్తాయట.