కండెల బండికి గోడ కరెంటు

ధర్మవరం,
16-3-1986

మిత్రుడు జయరాముడికి,

శ్రీరంగప్ప నమస్కరించి రాయునది. నేనూ నా రేడియో రిపేరు షాపూ బాగానే ఉన్నాము. బొంబాయిలో నీవూ, మీ ఇంటివారూ ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి.

నీ ఉత్తరం అందింది. అన్న కూతురు చౌడేశ్వరి ఆడుకోవడానికి నీవు తెచ్చిచ్చిన బొమ్మ కారుతో మీవాళ్ళు పని చేయిస్తున్నారనీ, నీవు పంపే సెల్లులు అందుకే వారం తిరక్కుండా అయిపోతున్నాయనీ మన ఊరినుంచి అక్కడికి వచ్చిన బయ్యన్న నీకు చెప్పాడన్నావు. ఇక సెల్లులు పంపననీ, నడవలేని పిల్లచేత చాకిరీ చేయించడం నిజమే అయితే కారు తీసుకెళ్ళి నా షాపులో పెట్టుకొమ్మని రాశావు. ఇది నేను విని చెప్పవలసిన సంగతి కాదు, చూసి చెప్పవలసింది. కనుక మీ ఇంటికి వెళ్ళాను.

బయ్యన్న చెప్పింది అబద్ధం కాదు. అమ్మాయి గోడవార చాపమీద కూర్చుని రాట్నంమీద పట్టుపోగును కండెలుగా చుడుతుంది. మీ అన్న తిప్పేస్వామి అవతలి మూల మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటాడు. చుట్టిన కండెలను కారు మీద పెట్టి, కారుకు తీగతో కలిపిన చేతిపెట్టె మీట నొక్కి, అమ్మాయి వాటిని గుంత అంచుదాకా తోలుతుంది. మునుపు ఆ కండెలు మీ వదిన నారాయణమ్మ అందించేది. నేను వెళ్ళినరోజు సెల్లులు అయిపోయి కారు మధ్యలో ఆగిపోయింది.

“ఏమమ్మా డ్రైవరమ్మా, కండె యాడుండాది?” అని గుంతలోనుంచి మీ అన్న కేక.

“వస్తాండాది నాయనా, గేటు పడిండాది!” అని అమ్మాయి జవాబు.

“ఏం రైలు పోతాందమ్మా? గుంతకల్లు గూడ్సా?”

“ఊ, శానా పెద్ద గూడ్సు. నువ్వు అంతదంకా బీడీ తాగు!”

నీవు ఇక సెల్లులు పంపవని అప్పటికే వాళ్ళకు తెలుసు. నవ్వుతూనే ఉన్నారు కానీ అమ్మాయి చేయి మాత్రం మీట వదలలేదు. ఆగిన కారునే చూస్తూ కూర్చుంది. చాకిరీ చేసే పిల్ల బండి ఆగితే సంతోషిస్తుందని నా ఉద్దేశం. అందుచేత కారు తేలేదు. దానికి గోడ కరెంటు ఏర్పాటు చేయాలని నిశ్చయించుకున్నాను.

నీకు ఆసక్తి ఉంటుందని ఆ వివరం రాస్తున్నాను. కారుకు కావలసింది రెండు సెల్లుల బలమే. గోడలో వచ్చేది ప్రాణం తీసే కరెంటు. మధ్యలో దాన్ని తగ్గించి పంపే పెట్టెను ఎలిమినేటర్ అంటాము. అది తయారు చేయడం పెద్ద పని కాదు. కానీ మన ఊరి పొడి గాలికి పట్టుపోగు తెగకుండా ఉండాలని మీ అన్న గుంత చుట్టూ నీళ్ళు చిలకరించి, తడి గోనెపట్టాలు పరుస్తాడు. తడినేలమీద గోడ కరెంటు ఉండరాదు. కనుక పెట్టెను పిల్లకు అందనంత ఎత్తున మేకుకు బిగించాను. కిందికి దిగేది బలం తగ్గిన తీగ మాత్రమే. సెల్లుల ఆకారంలో రెండు కొయ్యముక్కలు చెక్కి, కొసలకు ఇత్తడి రేకులు కొట్టి, ఆ తీగ కలిపి, సెల్లులుండే మీట పెట్టెలో పెట్టాను. కరెంటు పోయిననాడు అవి తీసి సెల్లులే వేసుకోవచ్చు.

మరునాడే మీ అన్న కాలిన వాసనవేస్తున్న పెట్టెను టవల్లో చుట్టుకుని షాపుకు వచ్చాడు. ఎవరి కాలో తగిలి తీగ తెగిందట. నేతగాడు తెగిన పోగును చూస్తూ ఊరుకోలేడు గదా! ఒకదానికొకటి తగలరాని రెండు తీగల నాలుగు కొసలనూ ఒకచోట చేర్చి, బూడిద అద్ది, పట్టుకు పెట్టినట్టే పురి పెట్టాడు.

“ఏమప్పా శ్రీరంగా, ముడి కూడా కనపడకుండా అతికిస్తి గదా! నీ పెట్టె ఇంత నాజూకుదా?” అని నన్నే దబాయించాడు.

“అతుకు బ్రహ్మాండంగా ఉండాదన్నా. పేకను తెచ్చి పడుగులో కలిపేసినావు, అంతే,” అన్నాను. అడ్డపోగు నిలువుపోగులో కలిసిపోతే బట్టే లేదని తెలిసినవాడు గనుక, తీగను అటూ ఇటూ తిప్పి చూసి పెద్దగా నవ్వాడు. ఆపై పెట్టెకు ఫ్యూజు కూడా చేర్చి, తీగను గోడవెంట రేకులతో బిగించి వచ్చాను. ఇప్పుడు బండి నిరాటంకంగా నడుస్తున్నది.

నీ కోపం పిల్లమీది ప్రేమే అని నాకు తెలుసు. అయినా నా మాట మన్నించి కారును అక్కడే ఉండనివ్వు. అన్నకు రెండు ముక్కలు రాయి. నీ ఉత్తరం రాలేదని ఆయన నోటితో అనడు, టపా బంట్రోతు వచ్చే వేళకు మాత్రం మగ్గం ఆపుతాడు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి,
శ్రీరంగప్ప

తా.క.: ఇది రాయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. రెండోసారి తీగ బిగిస్తూ గుంతలోకి వంగినప్పుడు, మీ అన్న మోకాలి పక్కన గోనె కింద బుట్టెడు కండెలు కనిపించాయి. అన్నీ సిద్ధంగా చుట్టినవే. కారు తెచ్చే కండెలతో ఆయనకు అవసరమే లేదు. పిల్ల సంతోషానికి అడుగుతున్నాడని తెలిసి, తీగ పని ముగించుకుని లేచాను. వచ్చేముందు అమ్మాయి దగ్గర కూర్చుని, అలసట ఉంటే చెప్పమ్మా, నేను మీ చిన్నాయనకు రాస్తానని మెల్లగా అడిగాను. ఆమె గుంతవైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

“అలుపేం లేదు మామా. నాయన దగ్గర బుట్టెడు కండెలుండాయని నాకు తెలుసు. నాకు కాళ్ళు పోయినప్పట్నుంచి నాయన మగ్గంలో కూచుంటే ఎవరితోనూ పలికేవాడు కాదు, అమ్మతో కూడా. ఇప్పుడు కండె కావల్లంటే నన్ను పిలవాల్సిందే గదా! బుట్ట చూసినానని చెప్పొద్దు మామా. చెప్తే మళ్ళా మూగోడైపోతాడు.”