విరగడానికే పెట్టిన పిన్ను

కాల్యుమెట్, మిషిగన్
నవంబరు 4, 2013, సోమవారం

లెంపీకి,

నీ మొగుడు వైనో రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, పిల్లి నాకంటే బాగుంది. దులూత్‌లో నువ్వూ, అమ్మాయి ఎలినూ, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అల్లుడు కాస్త తక్కువ కులాసాగా ఉన్నా నాకేమీ బెంగ లేదు.

నీ ఉత్తరం గురువారం అందింది. మాత్రలు వేసుకుంటున్నాను. ఆవిరిస్నానాల సౌనా పొయ్యి గొట్టం శుభ్రం చేయించాను. చేసినవాడు దాన్ని 'మీ వేడి గది' అన్నాడు. ఇంతమంది ఫిన్నిష్‌వాళ్ళున్న ఈ ఊళ్ళో పుట్టి పెరిగి ఆ మాట అన్నాడు చూడు! కాఫీ ఇచ్చి పంపేశాను, రొట్టె మాత్రం పెట్టలేదు.

ఇక నువ్వు కింద రెండు గీతలు గీసి మరీ అడిగిన ప్రశ్న. మంచు ఎత్తిపోసే మిషను కొన్నానా లేదా అని. మన ఇంటి ముందు నడకదారి, గుమ్మం నుంచి చర్చి మలుపు దాకా, రోజూ పొద్దున్నే నేల కనబడేలా ఉంటుందని నమ్మకం కుదిరితేనే నిన్ను థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి తీసుకొస్తానని ఎలిన్ అంటోంది. లేకపోతే ఈ చలికాలం కూడా అక్కడే అంటోంది. 'కొనేదేదో ఆగిపోని మిషను కొను, దాని మీద ఆ పక్కింటి క్లారెన్స్ చెయ్యి పడనివ్వకు, అతని మొహం చూడాలంటే నేనసలు రాను' అని నువ్వు. ఆ రెండో మాట దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మిషన్ల సంగతి చెప్పనీ, చాలా ఉంది.

మొదటి కొట్లో బ్యాటరీ మిషను చూపించారు. తొట్టిలో పడుకోబెట్టి జోలపాడాల్సిన వస్తువు. "అస్సలు చప్పుడుండదు సార్" అంది అమ్మే ఆవిడ.

"చప్పుడు లేకపోతే అది పనిచేస్తోందని నాకెలా తెలుస్తుందమ్మా?"

"పచ్చ లైటు వెలుగుతుంది కదండీ!"

డిసెంబరులో సరస్సు మీంచి మూడడుగుల మంచు దిగినప్పుడు ఆ పచ్చ లైటు చూపిస్తే, అది జాలిపడి తనంతట తనే పక్కకి తప్పుకుంటుంది కాబోలు. ఒకసారి ఛార్జి చేస్తే ఎంతసేపు వస్తుందని అడిగాను. "మంచుని బట్టి" అంది. మంచుని బట్టి ఆగిపోయే మంచు మిషను! ఎండాకాలంలో బ్రహ్మాండంగా నడుస్తుందన్నమాట.

రెండోది మీ తమ్ముడు ఆర్వో కొన్నది. చూడమని పిలిచాడు, వెళ్ళాను, నా తప్పే. రెండు హెడ్‌లైట్లు, చేతులు వెచ్చబెట్టే పిడులు, కాఫీ కప్పు పెట్టుకునే గూడు. దాని నోరు నాలుగడుగుల వెడల్పు, వాళ్ళ నడకదారి మూడున్నర. "మరి ఆ మిగతా అరడుగూ ఎక్కడ పెడతావురా?" అంటే, "బావా, నీకు అసూయ" అన్నాడు. పోయిన నెల తొలి మంచు కురిసీ కురవగానే బయటకి తీశాడట. పక్కింటి మొక్కల కంచె ఒక వరస తినేసి, పోస్టు డబ్బాని ఎదురింటి వరండాలోకి విసిరింది. అందులో ఎదురింటివాళ్ళ ఉత్తరం కూడా ఒకటి ఉందట. పోస్టుమాన్ పొరపాటున వేసింది సరిగ్గా చేర్చింది నా మిషనే అని వాడు గర్వంగా చెబుతున్నాడు. నీ తోడబుట్టినవాడు, నేనేమీ అనను.

మా నాన్న జీవితమంతా రేకుతో చేసిన ఒక్క తోపుడు పార పెట్టుకుని గడిపాడు. అది ఆగిపోయేది కాదు, ఆయన ఆగేవాడు. కాసేపు నిలబడి, మునిసిపాలిటీ ట్రక్కు గుమ్మం ముందు కట్టిపోయిన మంచుగట్టు చూసి, ఫిన్నిష్‌లో రెండు మాటలు అని, మళ్ళీ మొదలెట్టేవాడు. ఆ మాటల అర్థం నాకు నిఘంటువులో దొరకలేదు. నేను వెతికింది లైబ్రరీలోనే కదా, మంచి మాటలున్న నిఘంటువుల్నే అక్కడ ఉంచుతారు. డాక్టరు నన్ను పార పట్టుకోవద్దనకపోయి ఉంటే ఈ తిరుగుడంతా ఉండేది కాదు.

మూడో కొట్టు లేక్ లిండెన్‌లో. అమ్మేవాడి పేరు బ్రెంట్, యాభై ఏళ్ళ మనిషి, నాలుగు మాటలకొకసారి బెల్టు పైకి లాక్కుంటాడు. కొత్తగా చేరాడు, నన్నెరగడు. వాడు చూపించింది మాత్రం నచ్చింది. రెండడుగుల నోరు, ఇనప గేర్ల పెట్టె, లైట్లూ గియిట్లూ లేవు. నేను అన్నీ తట్టి చూస్తుంటే చిన్న సంచీ ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇందులో రెండు పిన్నులున్నాయి పెద్దాయనా. విరిగితే ఇవే వెయ్యాలి. ఇంకేదీ పెట్టకండి. పోయిన చలికాలం ఒకాయన గట్టి బోల్టు బిగించాడట, పెట్టె నిలువునా పగిలింది."

"ఎవరా దద్దమ్మ?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"క్లారెన్స్ ట్రెవారో అని, ఎవరో కార్నిష్ జాతి ముసలాయన. కొత్త పెట్టె దొరుకుతుందా అని వచ్చాడట, బోల్టు అరచేతిలో పెట్టుకుని. ఈ తెలివితక్కువ పని ఎవరిదండీ అని మా ఓనరు నవ్వితే, నాదే అన్నాట్ట. ఆ బోల్టు ఇక్కడే వదిలేసి పోయాడు. ఇదిగో, ఇప్పటికీ అందరికీ చూపిస్తాం."

గల్లాపెట్టె పక్కన దారానికి కట్టి వేలాడదీశారు లెంపీ. నేను గుర్తుపట్టాను. పాత ట్రక్కు విప్పినప్పుడు దాచుకున్న నాలుగు బోల్టుల్లో అదొకటి. మిగతా మూడూ మన గరాజులో కాఫీ డబ్బాలో ఉన్నాయి.

ఇంతదాకా వచ్చాక ఇక చుట్టూ తిరగను. ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నదే ఇందుకు.

మిషను నోట్లో పెద్ద మర తిరుగుతుంది కదా, దాన్ని ఇరుసుకి పట్టి ఉంచేది ఒక చిన్న మెత్తటి పిన్ను. రాయో, గడ్డకట్టిన పేపరు కట్టో అడ్డం పడితే ఆ పిన్ను విరుగుతుంది, మర ఆగుతుంది, వెనకున్న గేర్ల పెట్టె బతుకుతుంది. పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం మనది విరిగింది. కొట్లు మూసున్నాయి. నేను దాన్ని చేతిలో తిప్పి చూసి, పిన్నులు అమ్ముకోవడానికి కంపెనీవాళ్ళు చేసిన దొంగ ఏర్పాటు ఇది అనుకున్నాను. విరగడం కోసం ఒక వస్తువు తయారు చేసేవాడు ఎంత వెధవ అయ్యుండాలి అని పైకే అన్నాను, పిల్లి విన్నది. ఆ ట్రక్కు బోల్టు బిగించేశాను. దాన్ని ఏ రాయీ విరగ్గొట్టలేదని మురిసిపోయాను కూడా.

మంగళవారం క్లారెన్స్ మిషను స్టార్టు కాలేదు, మనది అడిగాడు. "నా ముందు తీసేసుకుని మీ ముందు కూడా నేనే తీస్తా, నువ్వు లోపల కూర్చో, నీ గుండె సంగతి నాకు తెలుసు" అన్నాడు. తన వైపు పూర్తి చేసి మన వైపు తిరిగాడు. మంచు కింద మన న్యూస్‌పేపరే, కడ్డీలా బిగిసి ఉంది. పిన్ను విరగాల్సిన చోట పెట్టె పగిలింది. అతను వచ్చి "మర తిరగడం లేదు వైనో, కాలిన వాసనొస్తోంది" అన్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది. తెలిసీ, "ఏం చేశావయ్యా నా మిషన్ని?" అన్నాను.

ఆ రాత్రి రెండడుగులు పడింది. బుధవారం ఆ తొక్కుడు మంచు మీదే నువ్వు చర్చికి బయలుదేరావు. తుంటి విరిగింది. ఆసుపత్రిలో నువ్వు కళ్ళు తెరిచి "మిషను ఏమైంది?" అంటే "క్లారెన్స్ విరగ్గొట్టాడు" అన్నాను. ఎలిన్‌కీ అదే చెప్పాను. ఊళ్ళోవాళ్ళం చేరే పొద్దుటి కాఫీ బల్ల దగ్గర ప్రతివాడికీ చెప్పాను, నవ్విస్తూ, అభినయిస్తూ. వారం తిరక్కుండా క్లారెన్స్ కాఫీకి రావడం మానేశాడు. బోల్టు మంచులో పడిపోయిందనుకుని హాయిగా ఉన్నాను. ఇన్ని నెలలూ నేను వెక్కిరించిన మనుషుల జాబితా చాలా పెద్దది. అందులో పై వరసలో రావాల్సిన నా పేరు మాత్రం రాసుకోలేదు.

లేక్ లిండెన్ నుంచి తిన్నగా క్లారెన్స్ ఇంటికి వెళ్ళాను. మాంసం కూరిన పాస్టీలు ఓవెన్‌లో పెడుతున్నాడు. పిండి నడుముదాకా పూసుకుని ఉన్నాడు.

"ఓహో! దొరగారికి మా గుమ్మం ఇవాళ కనబడిందా?"

"ఆ బోల్టు నాది."

"తెలుసు. నీ మర ఇరుసులోంచే తీశాను. దాని తల మీద గట్టి బోల్టని చెప్పే గీతలుంటాయి, చదువు రానివాడికి కూడా కనబడతాయి."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"మీ ఆవిడ ఆసుపత్రిలో పడుంది. ఆవిడ మంచం పక్కన కూర్చున్నవాడి మొహాన బోల్టు విసరమంటావా?"

"తర్వాత?"

"తర్వాత నువ్వే చెబుతావనుకున్నా. ఈస్టర్ అయింది, చెప్పలేదు. జూలై అయింది. నీకు కథలు చెప్పడం వచ్చుగానీ వైనో, ఒక్క నిజం ముక్క చెప్పడం రాదు."

"కొట్లో నీ పేరు ఎందుకు చెప్పుకున్నావయ్యా?"

"తప్పు నాదేనని ఊరంతా అప్పటికే అంటోంది కదా! కొట్టువాడికి వేరే కథ చెబితే ఎవరు నమ్ముతారు? పెట్టె దొరికితే తెచ్చి నీ మిషనుకి బిగించి నీ నోరు మూయిద్దామనుకున్నా. ఆ మోడలుకి పెట్టెలు ఇప్పుడు తయారు చెయ్యట్లేదట."

క్షమించమన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు లేదని నీకు తెలుసు, సరిగ్గా రాలేదు.

"నాకు చెప్పి ఏం లాభం, నాకు ఫిబ్రవరిలోనే తెలుసు. నన్ను చూస్తే మొహం తిప్పుకునేది ఆవిడ. ఆవిడకి రాయి. రాసి, మూసేముందు నాకు చదివి వినిపించు. నీ మీద నమ్మకం లేదు" అన్నాడు.

ఇక్కడిదాకా ఇవాళ మధ్యాహ్నం చదివి వినిపించాను. "నన్ను మరీ పుణ్యాత్ముణ్ణి చేశావు. ఏప్రిల్లో కోపమొచ్చి నీ గరాజు తలుపుని తన్నాను, ఆ సొట్ట నాదే, అది కూడా రాయి" అన్నాడు. రాశాను. ఆ సొట్ట చెత్తబండివాడిదని నేను వాడితో రెండు వారాలు పోట్లాడాను.

శనివారం ఇద్దరం వెళ్ళి ఆ రెండడుగుల మిషను తెచ్చాం. మెత్తటి పిన్నులు డజను తెచ్చాను. కాఫీ డబ్బాలో ఉన్న మూడు బోల్టులూ క్లారెన్స్ తీసుకుపోయాడు, నా చేతికి అందకుండా. రేపు పొద్దున కాఫీ బల్ల దగ్గర ఇదంతా చెప్పాలి. అతను పక్కన కూర్చుంటానన్నాడు, నేను దాన్ని తమాషా కథగా మార్చకుండా కాపలా కాయడానికి.

నీ నడకదారి సంగతికొస్తే, మిషను మంచిదే. దాన్ని నడిపేవాళ్ళు ఇద్దరు, అందులో ఒకడు నమ్మదగినవాడు. అతను ఇక్కడ ఉంటే రానన్నావు. కోపం మానమని అడగను లెంపీ, తొమ్మిది నెలలు మంచంలోనూ కర్రల మీదా గడిపినదానివి. ఆ కోపం పక్కింటికి వెళ్ళాల్సింది కాదు, ఈ ఇంటికే రావాలి. ఈ ఉత్తరం ఎలిన్‌కి కూడా చూపించు. ఆ తర్వాత వస్తావో, అక్కడే ఉంటావో నీ ఇష్టం. వస్తే, దెబ్బలాడటానికైనా సరే, చర్చి మలుపు దగ్గర నిలబడి ఉంటాను.

ఇట్లు,
నిన్ను పడేసిన నీ ఇంటాయన,
వైనో