గూడు చోటు బయటపెట్టినందుకు

పోర్ట్ బ్లెయిర్, డైరీ ఫార్మ్ కాపురస్తురాలు, కీ.శే. యిర్మియా గారి కుమార్తె సిల్వియా అనే నేను, వయస్సు అరవై రెండు, వృత్తి పక్షుల గురించి పత్రికలకు రాయడం, స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా. వచ్చే బుధవారం చెన్నైలో నా గుండెకు ఆపరేషన్. బుర్ర మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. ఎవరూ పక్కన కూర్చుని చెప్పి రాయించడం లేదు.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, మొగుళ్ల దెబ్బలు తప్పించుకుని వచ్చే ఆడవాళ్లు తలదాచుకోవడానికే ఉండాలి. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు ఎవరికీ లేదు. దీని అమలు బాధ్యత నా స్నేహితురాలు, నర్సు నాన్సీది. తలుపు తడితే ముందు కిటికీలోంచి చూడు నాన్సీ. నీకు తొందరెక్కువ.

2. తమ్ముడు రాబర్ట్‌కు నాన్నగారి గోడగడియారం. అంతే. నేను ఊళ్లో లేనప్పుడు, ఏడ్చుకుంటూ వచ్చిన మనిషిని "మొగుడే కదా, సర్దుకుపోమ్మా" అని ఆటో ఎక్కించి వెనక్కి పంపాడు. క్షమించమని పాస్టరు గారు అంటున్నారు. ప్రయత్నిస్తున్నాను, కుదరడం లేదు.

3. నా ముప్పై నాలుగు నోటుపుస్తకాలను నాన్సీ విప్పి చూడకుండా కాల్చేయాలి. కాలేజీవాళ్లు అడిగినా ఇవ్వకూడదు. ఏ పిట్టను ఎక్కడ చూశానో రాసిన పేజీల్లోనే ఏ ఆడమనిషిని ఎక్కడ దాచానో కూడా రాసుకున్నాను. ముప్పై ఏళ్ల పని. 

కారణం చెప్పాలి. గూడు ఎక్కడుందో అచ్చులో చెప్పకూడదన్నది పిట్టల గురించి రాసే మా అందరి కట్టుబాటు. చెబితే పిట్టపిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వస్తారు. ఎందరికో నేర్పినదాన్ని, మూడేళ్ల కిందట నేనే తప్పాను. ఈ ఊళ్లోనే రేవు పక్కన హాడోలో నేను దాచిన ఒక అమ్మాయి కిటికీలో పిగిలిపిట్ట గూడు కట్టిందని మురిసిపోయి వ్యాసం రాశాను. నీలం నీళ్ల ట్యాంకు, ఎదురుగా ఓడరేవు క్రేను, పిట్టకు అరటిపండు ముక్కలు పెట్టే అమ్మాయి నుదుట కుట్ల మచ్చ, అన్నీ రాశాను. పేరు రాయలేదు కదా అనుకున్నాను. ఆ కుట్లు ఎవరివల్ల పడ్డాయో మొగుడికి తెలియదా? ఆదివారం మేము ప్రార్థనలో ఉండగా తలుపు బద్దలుకొట్టి ఆమె చెయ్యి విరిచాడు. తప్పు నాది.

4. <s>మేడ మీది గది ఆ అమ్మాయికి జీవితాంతం.</s> కొట్టివేశాను, పక్కన నా పొడి సంతకం ఉంది. ఆమె మొగుడు శిక్ష ముగిసి పోయిన నెల జైలు నుంచి బయటికొచ్చాడు. ఈ ఊళ్లోనే, గోల్ ఘర్‌లో ఆమె కోసం వాకబు చేస్తున్నాడు. అందుకే ఇందులో ఎక్కడా ఆమె పేరు రాయలేదు. ఇప్పుడు ఈ ఇంట్లోనే ఉంటున్న ఆమెకు ఇది చదివి వినిపిస్తే, "నా పేరేది దీదీ?" అంది. సాక్షి సంతకం తనే పెడతానంది. సాక్షికి ఆస్తి చెందదని చెప్పాను. "గది నాకొద్దు. మూడేళ్లయి నా పేరు నానెక్కడా రాసుకోనేదు. ఆడు సూస్తే సూడనీ" అంది. వద్దని రెండుసార్లు బతిమాలాను. నాకు భయంగా ఉంది. అయినా కాగితం ఆమె ముందు పెడుతున్నాను.

తేది: 2 మార్చి 2024

(సంతకం) సిల్వియా

సాక్షులు:
1. లోకనాథం, రిటైర్డ్ పోస్ట్‌మాన్, గోల్ ఘర్
2. రామలక్ష్మి, డైరీ ఫార్మ్, ఇదే ఇల్లు, మేడ మీది గది