నాన్న పోసిన వైన్ ఉమ్మకు

గాస్తోన్,

చెల్లికి నొప్పులు మొదలయ్యాయట, బెర్జెరాక్ ఆసుపత్రికి పరిగెడుతున్నా. సూప్ పొయ్యి మీదే ఉంది, వెచ్చబెడితే చాలు. పన్నెండింటికి మా నాన్న భోజనానికి వస్తాడు. తన తోట వైన్ తనే తెస్తాడు. ఆ సీసా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు. ఈ ఎండకి ఎర్ర వైన్ కాస్త చల్లగా ఉంటేనే గొంతు దిగుతుంది.

నువ్వు వైన్ రుచుల క్లాసులో చేరిన దగ్గర్నుంచి మనింట్లో తాగడం పోయి వాసన చూడడం మిగిలింది. పోయినసారి నాన్న ప్రేమగా పోస్తే పుక్కిలించి, ఆయన కళ్ళముందే సింకులో ఉమ్మావు. పైగా "తడి మట్టి వాసన, కొంచెం వగరు" అని తీర్పొకటి. క్లాసులో అందరూ అలాగే ఉమ్ముతారని ఆ ముసలాయనకేం తెలుసు? నెలరోజులు మన గడప తొక్కలేదు. ఈ పూట రప్పించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఈసారి మింగు. సూప్ గిన్నె అడుగున కాస్త మిగలగానే ఆయన మా పల్లె పాత అలవాటు ప్రకారం అందులో వైన్ ఒంపుకుని, గిన్నె ఎత్తి తాగుతాడు. మొహం చిట్లించకుండా నువ్వూ అలాగే తాగు. గ్లాసు ఆకారం మీద ఉపన్యాసం వద్దు.

ఒదిల్

మర్చిపోయా. నీ రుచుల నోటుబుక్కు కోసం ఇల్లంతా వెతక్కు, నా సంచిలో ఉంది. మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజు ఇదే వైన్ మూడు గ్లాసులు తాగి, నేనింకా పెళ్ళికి ఊ అనకముందే "బాగుంది మావయ్యా" అనేశావు. ఆయనకి ఇప్పటికీ ఆ ఒక్క మాట చాలు.