రాజావారికి వన్స్‌మోర్

శనివారం రాత్రి, క్యారీ, అమెరికా

మా అమ్మమ్మ రంగస్థల నటి. ఆమెను ప్రేమించిన రాజావారు, కడుపుతో ఉందని తెలియగానే కోట తలుపులు మూయించారు. ఈ సంగతి మనవరాలు నిత్యకి మాత్రమే, ఒట్టు వేయించుకుని మరీ చెప్పాను.

ఇవాళ ఇక్కడి తెలుగువాళ్ళ ఉత్సవంలో ఆ ఒట్టు నిత్య రాసిన నాటకమై స్టేజీ ఎక్కింది. పైగా ఆఖర్న రాజు మా అమ్మమ్మ కాళ్ళ మీద పడి క్షమాపణ పద్యం పాడాడు.

"ఆయన కాళ్ళ మీద పడలేదే!" అన్నాను ఇంటికొస్తూ కార్లో.

"శాడ్ ఎండింగ్ ఎవరూ లైక్ చేయరు నానమ్మా. పేర్లు చేంజ్ చేశాను కదా!"

మహోపకారం.

ఆ పద్యానికి హాలంతా వన్స్‌మోర్ అంటే రాజు లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ పడ్డాడు. అమ్మమ్మ బతికినన్నాళ్ళూ ఒక్కసారైనా వినని మాటను నేను రెండుసార్లు విన్నాను. రెండోసారి, సిగ్గు లేకుండా, నేనూ చప్పట్లు కొట్టాను.